అతుకు

షార్జాల నా డ్యూటీ రాత్రి పదింటికి.
రోలా కాడ బస్సెక్కి
యూనివర్సిటీ వెనక గేటుకు దిగుత.
మూడో అంతస్తు. ఏసీ చప్పుడొక్కటే.
పగలంతా ఎవరెవరో వాడి విడిచిన గాజు బుడ్లు
అసిటోన్‌తో ఒకసారి, నీళ్ళతో మూడుసార్లు కడిగి
బోర్లిస్త.

అంతకుముందు పదకొండేండ్లు
బంగారం సూక్ వెనక సందుల గొలుసులల్లిన.
ఒకనాడు మిషనొచ్చింది.
నిమిషానికి అదల్లే లంకెలు లెక్కపెట్టబోయి
సేటు నవ్విండు, నేనూ నవ్విన.
నెలాఖరుకు నా లెక్క తేల్చి పంపిండు.

ముజ్నా మేడమ్ అర్ధరాత్రి దాకా ఉంటది.
ఒకరోజు బోర్డు మీద రెండు రింగులు గీసింది,
ఒకదాంట్ల ఒకటి.
తడిగుడ్డ చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డ.
"ఇదేం గొలుసు, మేడమ్?"
"ఒక్క అణువు" అన్నది, వచ్చీరాని హిందీల.

"అతుకేది?"
అవుసులోడు ముందుగాల అతుకే చూస్తడు.
లంకె తెరవాలె, రెండోది దూర్చాలె,
కొసలు కలిపి వెలిగారం పూసి
టంకం పలుకు పెట్టి
బుగ్గలు గుంజంగ ఊదాలె.
ఇంకో దారి మా తాతకు తెల్వదు.

"ఒక రింగుకు ఆకలి" అన్నది.
"రెండోది ఇంకా రింగు కాలే, ఒట్టి తీగె.
తీగె వచ్చి ఆ ఆకలిల కూసుంటది.
కూసున్నంక దాని కొసలు కలుస్తయి.
ఆ రెండింటి నడుమ టంకం లేదు, ఏమీ లేదు.
విడదియ్యాలంటే మాత్రం
ఏదో ఒకటి తెగాలె."

తూకం అడగకుండ ఎట్లుంట?
పర్సుల నుంచి తాత గురిగింజ తీసి ఆమె అరచేతిల పెట్టిన.
కాటా మీద పెట్టి చూసింది: నూట ఇరవై మిల్లీగ్రాములు.
"ఈ ఎత్తుల ఎన్నుంటయి?"
మూడు వేసి, పక్కన సున్నాలు పెట్టుకుంట పోయింది,
పెట్టుకుంట పోయింది,
బోర్డు అంచు తగిలినంక ఆగింది.

సన్నటి సీసాల పచ్చటి నీళ్ళు.
ఒక్క చుక్క వేసింది.
పచ్చదనం పోయింది. నేరేడు రంగు.
"ఎలక్ట్రాన్లు గుంజుకున్న. తను కూసున్న చోటే
రింగును అవతలికి నెట్టేసింది."
"తిరిగిచ్చేస్తే?"
"వెంటనే రాదు. పోయిన కాడనే కొంచెంసేపు పట్టుకొని ఉంటది.
ఆ ఉన్నంతసేపూ అది యాది.
ఇటుంటే ఒకటి, అటుంటే సున్నా."
ఆ రాత్రి సగం బుడ్లు కడగనే లేదు.
సీసా ముందట కూసొని
ఎప్పుడు పచ్చబడ్తదా అని చూసిన.

పోయేటప్పుడు అడిగింది:
"క్లాసుల చూపెట్టనీకి, వెండిల, ఇంత పెద్దది చేసిస్తవా?"

అజ్మాన్ రూముల నిప్పు పెట్టనియ్యరు.
మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు చాటున,
షొఫికుల్ ఫోను లైటు పట్టిండు.
ఏడేండ్లయింది ఊదక.
మొదటిసారి టంకం కదలలే.
రెండోసారి ఉరికింది, జర ఎక్కువనే.
ఆకురాయితో రాకిన. చింతపండు నీళ్ళల్ల ఉడకేసిన.
కుంకుళ్ళు దొరకలే,
షొఫికుల్ షాంపూతోని తోమిన.

మేడమ్ ఒక వేలితో చిన్న రింగు తిప్పింది.
నున్నగ పోయింది, ఒక చుట్టు, రెండు చుట్లు,
ఒక్క కాడ పట్టింది.
"ఇక్కడెందుకు ఆగుతుంది?"
నా చెవులు వేడెక్కినయి.
"వెంట్రుక మందం టంకం మిగిలింది. రాకి తెస్త."
"వద్దు."
మార్కరు తీసి ఆ చోట పచ్చ చుక్క పెట్టింది.
"మా దాంట్ల ఆ ఆగే చోటు చెయ్యనీకి
నాకు రెండేండ్లు పట్టింది."

నేను బుడ్ల కాడికి పోయిన.
నల్లా నీళ్ళ చప్పుడుల
వెనక నుంచి వినబడుతనే ఉంది:
సర్ర్... టక్కు.
సర్ర్... టక్కు.